తెల్లపూల గ్రౌండు

ఆ ఏడాది ఏప్రిల్లో మా క్వార్టర్ల వెనక మట్టి లారీలు దిగినప్పుడు సంతోషించిన వాళ్ళలో మేమూ ఉన్నాం. అక్కడ అంతకుముందు రెండు వరసల పాత క్వార్టర్లు ఉండేవి. పైకప్పులు పెచ్చులూడుతున్నాయని మనుషుల్ని ఖాళీ చేయించి, చలికాలంలో కూల్చేశారు. మిగిలినవి గోతులు, ఇటుక ముక్కలు, వాటిలో పాములు. ఆ గోతులు పూడ్చి, పిల్లలు ఆడుకోవడానికి గ్రౌండు చేస్తారన్నారు. కుమ్హారి ఊరి అవతల ఎక్కడినుంచో తెచ్చిన మట్టి అది. నల్లగా, మెత్తగా ఉంది. మా ఆయన పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి "మంచి మట్టే" అన్నారు.

మా ఆయన పేరు చిట్టిబాబు. భిలాయి ఉక్కు ప్లాంటులో బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్ల దగ్గర ఆపరేటరు. చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి పెళ్ళికి ముందే వచ్చి ఆ పనిలో చేరారు. బట్టీల వేడికి కనుబొమలు కాలేవి, మసికి చొక్కాలు నల్లబడేవి. అంతేగాని ఆయన జబ్బుపడి సెలవు పెట్టడం నేను చూడలేదు. షిఫ్టు దిగి రాగానే స్నానం చేసి, లుంగీ కట్టుకుని, పెరట్లోకి వెళ్ళిపోయేవారు. గోంగూర, బీర, ఆనప, చలికాలంలో ముల్లంగి. చీకటిపడి నేను పిలిస్తేగాని లోపలికి వచ్చేవారు కాదు. మా అమ్మాయి వాసవి రాయపూర్‌లో డిగ్రీ చదువుతూ రోజూ రైల్లో వెళ్ళి వచ్చేది. "నాన్నకి ఇల్లంటే పెరడే అమ్మా. మనం ఊరికే లోపల ఉంటాం, బస్, అంతే" అని నవ్వేది.

మే నెలాఖర్లో ఒక గాలివాన పడింది. ఆ మర్నాడు ఆయన గ్రౌండు వైపు నుంచి చేతిలో ఒక మొక్కతో వచ్చారు. నేలకి అంటుకుని గుండ్రంగా పరుచుకున్న ఆకులు, ముల్లంగి పిలకంత వేరు.

"వాణీ, ఇదేటో చూసినావా?"

"కొత్తిమీరలాగుంది," అన్నాను.

"వయ్యారిభామ. ఈళ్ళు గాజర్ ఘాస్ అంటారే, అది. మట్టితో వచ్చేసినాది. గ్రౌండంతా మొలకలే." ఆయన గొంతులో కంగారు ఉంది. "మా చిన్నాయన భూమి బీడు పెడితే రెండేళ్ళలో ఇదే తినేసింది. తరవాత దున్నినా పోనేదు. ఇప్పుడు చిన్నగా ఉన్నాది, పీకేస్తే పోతాది. పువ్వు పూసిందంటే మన వల్ల అవదు."

ఆ సాయంత్రమే మా వరసలో, ఎదురు వరసలో ప్రతి తలుపూ కొట్టారు. ఆయన ఎవరింటికీ పిలవకుండా వెళ్ళే మనిషి కాదు. మొక్క చేత్తో పట్టుకుని, తడబడే హిందీలో అందరికీ చెప్పారు. ఎవరూ కాదనలేదు. చాయ్ ఇచ్చారు. గ్రౌండు పని తీసుకున్న ఠేకేదారు ఉన్నాడు కదా, అతను చూసుకుంటాడన్నారు. ఆయన ఆ ఠేకేదారుకి ఫోన్ చేస్తే, "వానలు పడనీండి, ఒకేసారి చేయిస్తాను" అన్నాడు.

శ్రద్ధగా విన్నది రామమోహనరావు గారొక్కరే. ఆయన ప్లాంటులో పెద్ద ఇంజినీరుగా రిటైరై, మా ఎదురు వరసలో లీజు క్వార్టరులో భార్య మణిమాల గారితో ఉంటారు. మొక్కను కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూసి, "మనం ఇద్దరమైనా మొదలుపెడదాం చిట్టిబాబూ. చూస్తే వాళ్ళే వస్తారు," అన్నారు.

జూన్ నెలంతా వాళ్ళిద్దరూ పీకారు. రావుగారు చిన్న ముక్కాలిపీట వేసుకుని కూర్చుని చుట్టూ అందినవి తీసేవారు. మా ఆయన వంగుని ముందుకు పోయేవారు. ప్లాంటులో ఇచ్చే తోలు గ్లవ్స్ వేసుకునేవారు గాని, ఉక్కకి చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేవారు. జూలైలో కాలనీ కదిలింది. ఒక ఆదివారం చాలామంది వచ్చారు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా. ఎవరో సమోసాలు తెప్పించారు. ఫోటోలు తీసుకున్నారు. పవర్ హౌస్ మార్కెట్ నుంచి కళ్ళుప్పు బస్తాలు తెచ్చి నీళ్ళలో కలిపి, పీకలేని చోట చల్లాం. మధ్యాహ్నానికి గ్రౌండులో మూడోవంతు నల్లగా, శుభ్రంగా కనిపించింది. ఆ రోజు ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు.

తర్వాతి ఆదివారం సగం మందే వచ్చారు. ఆ పై వారం వాన. నెలాఖరుకి మిగిలింది మేము ముగ్గురం, రావుగారు. మేము శుభ్రం చేసిన మూడోవంతులో మళ్ళీ పచ్చగా మొలకలు. మిగతా గ్రౌండులో నడుమెత్తు మొక్కలు, చివర్ల తెల్లటి మొగ్గలు. ఏటా గ్రౌండు చుట్టూ ఉన్న గట్ల మీద కూరకి చరోటా ఆకు కోసుకోవడానికి చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళు వచ్చేవారు. ఆ ఏడూ వచ్చారు. గట్టు మీద నిలబడి చూశారు. ఒకామె నాతో, "దీదీ, ఈసారి చరోటా లేదే," అని, ఖాళీ బుట్టతో వెళ్ళిపోయింది.

ఆగస్టు రెండో వారంలో ఠేకేదారు మనుషులు వచ్చారు. భుజానికి తగిలించుకునే గడ్డికోత మిషన్లు. ఆ రోజు మా ఆయనకి వీక్లీ ఆఫ్. చప్పుడు విని పరిగెత్తారు. నేను వెనకే వెళ్ళాను. అప్పటికి గ్రౌండంతా పూత మీద ఉంది. దూరం నుంచి చూస్తే అన్నం ఆరబోసినట్టుంది.

"భయ్యా, ఆగు," అన్నారాయన మిషను పట్టుకున్న మనిషి ముందుకు వెళ్ళి. "ఇప్పుడు కోయకు. పూత మీద కోస్తే గింజలు అంతటా ఎగురుతాయి. వేరు ఉంటే మళ్ళీ లేస్తుంది."

అతను మిషను ఆపి, మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. మా ఆయన వయసువాడే.

"భాయ్‌సాబ్, పంద్రా ఆగస్టుకి ఇక్కడ జెండా ఎగరేస్తారు. సాఫ్‌గా కనబడాలి, అంతే చెప్పారు. నా చేతిలో ఏముంది?"

మా ఆయన ఠేకేదారుకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆకుపచ్చ తుంపర లేచి మనుషుల మీద, గోడల మీద, ఆరేసిన బట్టల మీద పడింది. చేదు వాసన. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆయన రాలేదు. పెరట్లోంచి ఆకులూడ్చే పళ్ళకర్ర, గోనెసంచులు తీసుకెళ్ళి, మిషన్ల వెనకే నడుస్తూ కోసిన పూలు ఊడ్చి సంచుల్లో కుక్కడం మొదలుపెట్టారు. భోజనానికి పిలిచినా రాలేదు. చొక్కా తీసి తలకి చుట్టుకున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా పచ్చటి నుసి, చెమటకి అంటుకుపోయి ఉంది.

"సగం కూడా ఎత్తనేకపోనాను," అన్నారు.

జెండా పండగ బాగా జరిగింది. గ్రౌండు నున్నగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మా ఆయన వెళ్ళలేదు. ఆ పొద్దున్న లేచేసరికి ఆయన కనురెప్పలు వాచి, కళ్ళు తెరుచుకోలేదు.

చెమటకాయలనుకున్నాం. కొబ్బరినూనె రాశాం, వేపాకు ఉడికించిన నీళ్ళు పోశాం. మెడ చుట్టూ, మోచేతుల మడతల్లో, చొక్కా గుండీ దగ్గర ఎర్రటి దద్దు. గోక్కుంటే రసి కారేది. ఆ ఒంటితోనే డ్యూటీకి వెళ్ళి వచ్చేవారు. బట్టీ వేడి తగిలితే చర్మం మీద కారం చల్లినట్టుందని ఒక్కసారే అన్నారు. కోసిన మొక్కలు వారం తిరక్కుండా పక్కకొమ్మలు వేసి మళ్ళీ పూశాయి. నేను వద్దంటున్నా ఆయన పొడుగు చేతుల చొక్కా వేసుకుని మళ్ళీ వెళ్ళారు.

సెప్టెంబరు మొదట్లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరు మా ఆయన వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత రమ్మని, పట్టీలు తీసి చూశారు. ఒకచోట మాత్రం బొబ్బ లేచింది.

"గాజర్ ఘాస్," అన్నారు డాక్టరు. "ఇన్నాళ్ళూ మీ ఒళ్ళు ఊరుకుంది. ఇక ఊరుకోదు. ముట్టుకోనక్కర్లేదు, గాలిలో దాని నుసి ఉన్నా చాలు."

"ఎన్నాళ్ళకి తగ్గుతాదండి?" అని అడిగారు మా ఆయన.

డాక్టరు మంచాయన. తిన్నగా చెప్పలేక కాగితం మీద మందులు రాస్తూ, "కంట్రోల్‌లో పెట్టొచ్చు," అన్నారు. "కాని మందు కన్నా ముఖ్యం, ఆ మొక్క లేని చోట ఉండాలి."

మేము బయటికి వచ్చాం. ఆస్పత్రి గోడ పక్కన, స్కూటరు స్టాండు దగ్గర, అవే తెల్లపూలు. ఆయన హెల్మెట్ పెట్టుకుని, అద్దం కిందికి దించి, బండి స్టార్ట్ చేశారు.

అప్పటినుంచి మా ఇంట్లో కిటికీలు తెరవలేదు. గ్రౌండు వైపు కిటికీల సందుల్లో తడిగుడ్డలు పెట్టేదాన్ని. బట్టలు లోపలే ఆరేసేదాన్ని. మా చాప మీద, దిండు మీద, అన్నం మీద కూడా ఆ నుసి ఉందేమోనని అనుమానం. ప్లాంటులో ఆయన్ని బట్టీల దగ్గరనుంచి తీసి స్టోరులో కూర్చోబెట్టారు. మందులకి దురద తగ్గింది గాని మొహం ఉబ్బింది, షుగరు పెరిగింది. పెరట్లో బీరకాయలు ముదిరి, పీచు కట్టి, తీగకే ఎండిపోయాయి. నేను కోయగలను. కోసి లోపలికి తెస్తే ఆయన చూస్తారని కోయలేదు.

రావుగారు ఊరుకోలేదు. ఎవరెవరికో ఫోన్లు చేసి, వ్యవసాయ కాలేజీలో పనిచేసే ఒక తెలిసినాయన దగ్గరకి వెళ్ళి, చిల్లుల మూతల డబ్బాలతో తిరిగొచ్చారు. వాటిలో పురుగులు. మినపగింజ కన్నా కాస్త పెద్దవి, మీగడ రంగు వీపు మీద గోధుమ చారలు.

"ఇవి ఈ మొక్క తప్ప ఇంకేమీ తినవు చిట్టిబాబూ," అన్నారు కిటికీ అద్దం అవతల నిలబడి. ఆయన గట్టిగా మాట్లాడుతున్నా లోపలికి సన్నగా వినిపించింది. "ఈ మొక్క పుట్టిన దేశం నుంచే తెప్పించి చాలా ఏళ్ళ కిందట మన దగ్గర వదిలారట. మనిషి చేతుల కన్నా ఇవే నయం."

మా ఆయన లోపల కుర్చీలో కూర్చుని చూస్తుండగా రావుగారూ నేనూ వాసవీ మా గోడ అవతల డబ్బాలు విప్పాం. పురుగులు కాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కొక్కటే ఆకుల మీదకి ఎక్కాయి.

వినాయక నిమజ్జనం నాటికి మా గోడ పక్కనున్న మొక్కలకి ఆకుల్లేవు. ఉట్టి ఈనెలు. మొగ్గలు విచ్చకుండానే మాడిపోయాయి. పురుగులు గుడ్లు పెట్టి, పిల్లలై, వరస తర్వాత వరస తినుకుంటూ ముందుకు వెళ్ళాయి. వాసవి రోజూ ఫోన్లో ఫోటో తీసి తెచ్చి వాళ్ళ నాన్నకి చూపించేది. ఆయన దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చేసి చూసేవారు.

"ఎంత మేర తిన్నాయి?"

"నీమ్ చెట్టు దాకా నాన్నా. కల్ తక్ ఆ బెంచీ కూడా దాటేస్తాయి."

"తొందరపడొద్దని చెప్పు," అని నవ్వారు. పెదాలు పగిలి రక్తం వచ్చింది. తువ్వాలు అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వారు. ఆ నెల మాత్రమే నేను రాత్రిళ్ళు నిద్రపోయాను.

దసరా ముందు ఒక సాయంత్రం మణిమాల గారింట్లో దీపం పెట్టేవేళ పురుగులు లోపలికి వచ్చాయి. లైటుకి వచ్చాయో, దారి తప్పి వచ్చాయో. పూజగదిలో దేవుడి పటాల మీద, నైవేద్యం మీద పాకాయి. రావుగారు పెళ్ళికని దుర్గ్ వెళ్ళారు. ఆవిడ భయపడి పక్కింటివాళ్ళని పిలిస్తే, వాళ్ళింట్లోనూ ఉన్నాయి. ఎవరో మందు కొట్టేవాణ్ణి పిలిపించారు. అతను ఇళ్ళతో ఆగలేదు. ఎక్కడినుంచి వస్తున్నాయో చూపించండని, టార్చి పట్టుకుని, గోడల వెంబడి గ్రౌండు సగం దాకా కొట్టుకుంటూ పోయాడు. మాకు లోపల మందు వాసన వచ్చింది. దోమల మందు అనుకున్నాం.

పొద్దున్న మణిమాల గారు, రావుగారు కలిసి మా ఇంటికి వచ్చారు. తలుపు తెరిచేసరికి ఆవిడ ఏడుస్తోంది.

"నాకు తెలియదు వాణీ. ఈయన చెప్పలేదు. చెప్పారేమో, నేను వినలేదు. అమ్మవారి మొహం మీద పాకుతుంటే..."

రావుగారు గుమ్మం అవతలే, చెప్పులు విప్పకుండా నిలబడ్డారు. పొడుగాటి మనిషి. ఆ రోజు పొట్టిగా కనిపించారు.

మా ఆయన లోపలనుంచి వచ్చారు. "ఏడవకండమ్మా," అన్నారు. "ఇంట్లోకి పురుగొస్తే ఎవులైనా మందు కొడతారు. మీ తప్పేటి నేదు."

వాళ్ళు వెళ్ళాక ఆయన మొహానికి తువ్వాలు చుట్టుకుని, తలుపు తీసుకుని బయటికి నడిచారు. నేను ఆపలేదు. గోడ దగ్గర వంగి, నేల మీదనుంచి చచ్చిన పురుగునొకదాన్ని అరచేతిలోకి తీసుకుని చూశారు. లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నారు. మేకుకి వేలాడుతున్న తోలు గ్లవ్స్ తీసి నాకు అందించారు.

"ఇవెక్కడైనా లోపల పెట్టీ," అన్నారు. "ఇంక అక్కర్నేదు."

నేను వాటిని మంచం కింద ట్రంకుపెట్టెలో పెట్టాను. ఆ రోజు తర్వాత ఆయన గ్రౌండు గురించి అడగలేదు. వాసవి ఫోటో చూపించబోతే, తర్వాత చూస్తాననేవారు.

వానలు వెనకబడి కురిశాయి. పురుగులు చచ్చిన చోట మోళ్ళు మళ్ళీ చిగిర్చాయి. అక్టోబరు నెలాఖరుకి ఆయన మొహం మా అందరికీ తెలిసిన మొహం కాదు. నుదుటి చర్మం దళసరెక్కి మడతలు పడింది. చెవులు మందమయ్యాయి. అద్దం ముందు గడ్డం గీసుకోవడం మానేశారు. ఎండ తగిలినా మంట. పగలంతా చీకటి గదిలో కూర్చునేవారు.

వాసవి సాయంత్రం రాయపూర్ నుంచి వచ్చేది. స్టేషన్ నుంచి ఇంటిదాకా దారిపొడవునా అవే మొక్కలు. దాని జుట్టులో, చున్నీలో ఆ నుసి వస్తుందని, పెరటి స్నానాలగదిలో తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి రావాలని నేనే నియమం పెట్టాను. పాపం, చలిలో కూడా చేసేది. ఒకరోజు పరీక్షలో మంచి మార్కులు వచ్చాయని సంబరంలో మరిచిపోయి నేరుగా లోపలికి పరిగెత్తింది. "నాన్నా" అంటూ గదిలోకి వెళ్ళింది.

ఆయన కుర్చీలోంచి లేచి గోడవైపు జరిగారు. రెండు చేతులూ ముందుకు చాపారు, దగ్గరికి రానివ్వకుండా.

"అక్కడే ఉండు తల్లీ. అక్కడే."

వాసవి ఆగిపోయింది. చేతిలో మార్కుల కాగితం అలాగే ఉంది. "సారీ నాన్నా," అని వెనక్కి నడిచి, వీపు తలుపుకి తగిలాక తిరిగి, స్నానాలగదికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ రాత్రికే ఆయన మెడ మళ్ళీ పొంగింది. వాసవి అది చూసింది.

భోజనాల దగ్గర నాతో మెల్లగా అంది. "అమ్మా, మై హాస్టల్ చలీ జావూఁ? రాయపూర్‌లోనే ఉండిపోతే... నాన్నకి బాగుంటుంది."

"నీ వల్ల కాదే ఇది."

"మాలూమ్ హై, తెలుసమ్మా. కాని నేనే తెస్తున్నాను కదా లోపలికి."

ఆదివారం దాని పెట్టె నేనే సర్దాను. ఆయన గది గుమ్మంలో నిలబడి, దూరం నుంచే, "జాగ్రత్తగా ఉండు. రాత్రిపూట తలకి గుడ్డ కట్టుకో," అన్నారు. వాసవి తల ఊపింది. దగ్గరికి వెళ్ళలేదు.

దాని తర్వాత ఆయన ముందుగా రిటైరవుతానని దరఖాస్తు పెట్టారు. ఆయన తమ్ముడు బాలు విశాఖపట్నంలో ఉంటాడు. సముద్రం ఒడ్డున జాలరిపేట దగ్గర, మేడ మీద గది. "అన్నయ్యని తీసుకొచ్చీ వదినా," అన్నాడు ఫోన్లో. "ఇక్కడ ఇసకే గాని మొక్కేటి నేదు. ఉప్పు గాలి. ఒళ్ళు తిరుగుతాది." డాక్టరు కూడా వెళ్ళి చూడమన్నారు.

నవంబరు నెలాఖర్లో పగటి బండికి బయల్దేరాం. కిటికీలు తెరుచుకోవని ఏసీ పెట్టెలో తీసుకున్నాం. దుర్గ్ స్టేషన్‌కి రావుగారు కారులో దింపారు. మా ఆయనకి మాస్కు, టోపీ, మెడకి తువ్వాలు, నల్ల కళ్ళద్దాలు. ఎదురుసీటు వాళ్ళు ఆయన్ని చూసి, ఏదో అంటువ్యాధి అనుకుని వేరే చోటికి వెళ్ళి కూర్చున్నారు. ఆయన కిటికీ తెర లాగేసి కళ్ళు మూసుకున్నారు. ప్లాంటు చిమ్నీలు దాటుతున్నాయని నేను చెప్పాను. తెర తీయలేదు.

భిలాయి-3 స్టేషన్లో బండి ఆగింది. "ఉందా?" అని అడిగారు, కళ్ళు తెరవకుండా.

నేను తెర అంచు ఎత్తి చూశాను. ప్లాట్‌ఫారం చివర, పట్టాల మధ్య, కంకర మీద తెల్లగా. "ఉంది," అన్నాను.

కుమ్హారిలో ఉంది. రాయపూర్ యార్డు నిండా ఉంది. ఒడిశాలోకి వెళ్ళాక కొండలు, వెదురు, పొలాలు. అక్కడ తగ్గుతుందనుకున్నాను. కాని బండి ఆగిన ప్రతిచోటా, గోడౌన్ల పక్కన, గేట్ల దగ్గర, లారీలు నిలిపే చోట, అదే. రైలు పట్టాల వెంబడి మాతోపాటే వస్తున్నట్టుంది. రాయగడ దాటేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను.

పార్వతీపురంలో ఆగేసరికి పొద్దు వాలుతోంది. ఎవరో పెట్టె తలుపు తీస్తే ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినిపించాయి. టీ అమ్మే మనిషి ఎవరినో "ఒరే, సిల్లర ఉంటే ఇయ్యరా" అంటున్నాడు. మా ఆయన నిటారుగా కూర్చున్నారు. నల్ల కళ్ళద్దాలు తీశారు.

"మనూరి గాలి వచ్చేసినాది," అన్నారు. "ఇక్కడ నేదు కదా?"

నేను తెర ఎత్తాను. రెండో పట్టాల అవతల గోడ పొడవునా, మనిషి నడుమెత్తున పూసి ఉంది. గాలికి ఊగుతోంది.

"లేదండి," అన్నాను.

ఆయన మాస్కు కిందికి దించి ఒక్కసారి ఊపిరి పీల్చారు. ఒక టీ తీసుకోమన్నారు. టీ తాగి, నా భుజానికి ఆనుకుని నిద్రపోయారు. విజయనగరం వచ్చినా లేపలేదు.

విశాఖలో ఆయనకి కొంత నయమైంది. ఉప్పుగాలికి రసి కారడం ఆగింది. నుదుటి మడతలు అలాగే ఉన్నాయి. తగ్గవని అక్కడి డాక్టరు చెప్పారు. వాసవి చదువు పూర్తయ్యేదాకా, ప్లాంటు లెక్కలు తేలేదాకా నేను భిలాయిలో ఉండాలని అనుకున్నాం. నేను విశాఖ చేరడం మొదట సంక్రాంతికి అనుకున్నది వేసవికి వెళ్ళింది, వేసవి వానాకాలం అయింది. ఆయన ఇటు రాలేరు. మేము అటు వెళ్ళినప్పుడు బట్టలన్నీ కింద పంపు దగ్గర ఉతుక్కుని, తడిజుట్టుతో పైకి వెళ్ళాలి. వాసవి రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి పరీక్షలున్నాయంది.

గ్రౌండులో ఇప్పుడు పిల్లలు ఆడరు. రావుగారు ఇంకా పొద్దున్నే కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తారు. వంగలేరు.

మొన్న ఆదివారం సాయంత్రం మా ఆయన ఫోన్ చేశారు. తిన్నావా, వాసవి వచ్చిందా అని అడిగారు.

"బాలు వీధి చివర కొత్తగా మేడ కడతన్నారు," అన్నారు. "లారీతో మట్టి పోసినారు. నిన్న అలగ నడిచెల్తే, దాన్లో ఒక మొక్క చూసినాను."

"మీరు ముట్టుకోలేదు కదా?"

"నేదు. చెయ్యి చాపినాను. మళ్ళీ తీసుకున్నాను."

"బాలుకి చెప్పండి. పీకేస్తాడు."

"చెప్పినాను. మేడ కట్టేవోళ్ళకీ చెప్పినాను. వీధిలో అందరికీ చెప్పినాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కటే కదా, దానికింత కంగారెందుకు అంటన్నారు."

ఇద్దరిలో ఎవరం ఫోన్ పెట్టెయ్యలేదు.